'పర్పస్' : ఉద్దేశమా, ప్రయోజనమా?

(ప్రసంగ పాఠము)



ప్రభుత్వ కార్యాలయములందు పనిచేయువారి చేతిక్రింద దినమునకు ఎన్నిసార్లు నలుగుచున్నదో లెక్కకు రాని ఇంగ్లీషు మాట యొకటి కలదు. ప్రయాణ భత్యపు బిల్లులో దానికొక గడి యున్నది. ప్రావిడెంటు ఫండు నుండి అడ్వాన్సు కోరు దరఖాస్తులో దానికొక గడి యున్నది. ఫైలు మీద వ్రాయు నోటులో నాలుగు వాక్యములకొకసారి అది తలయెత్తుచుండును. ఆ మాట 'పర్పస్'. ఇంత పరిచయమున్న మాటకు అర్థము వెదకుట ఎందులకని కొందరికి తోపవచ్చును. కాని దానిని తెలుగు చేయబూనిన వారికి చిక్కు తెలియును. ఒకచోట ఉద్దేశమనవలసి వచ్చును. ఒకచోట ప్రయోజనమనవలసి వచ్చును. వేరొకచోట నిమిత్తమని, కార్యమని, అర్థమని చెప్పవలసి వచ్చును. తరచుగా 'కొరకు' అని ఊరకుండుటయే మేలగును. ఈ తడబాటు అనువాదకుని అసమర్థత వలన కలిగినది కాదు. ఇంగ్లీషువారు ఒక్క మాటలో ఇమిడ్చిన రెండు సంగతులను తెలుగువారు తమ వాడుకలో చాలవరకు వేరుచేసి చూచినారు. ఆ రెంటి భేదమేమో, అది మరచినచో ఎవరికి నష్టమో విచారించుటయే నేటి ప్రసంగ విషయము.

ముందుగా ఉచ్చారణ. 'ప్రపోజ్', 'సపోజ్', 'పర్పస్' అను మూడు మాటలును వ్రాతలో ఒకే తోకతో ముగియును. అందుచేత బడిపిల్లలు కొందరు, పెద్దలలోను కొందరు, దీనిని 'పర్పోజ్' అని పలుకుదురు. అది సరికాదు. ఊనిక మొదటి అక్షరము మీద నిలిచి, చివరి భాగము తేలికగా 'పస్' అని జారవలెను. పలుకుబడి వేరైనను పుట్టుక మాత్రము దగ్గరదే. 'ప్రపోజ్', 'పర్పస్' అనునవి ఒకే ఇంటి బిడ్డలు. రెండును ఫ్రెంచి భాష మీదుగా వచ్చినవి. రెంటికిని మూలమున నున్న భావము ముందు పెట్టుట యనునది. సుమారు 1300 నాటికి 'పర్పస్' ఇంగ్లీషులో స్థిరపడినది. కాబట్టి పని మొదలిడుటకు పూర్వము కర్త తన యెదుట పెట్టుకొనునదే 'పర్పస్'.

దీని ఇరుగుపొరుగు మాటలను గూడ చూడవలెను. 'ఆబ్జెక్ట్' అనగా ఎదుట పడవేయబడినది. 'ఇంటెన్షన్' అనగా మనస్సును సాచుట. వింటినారిని సాచుటకును లాటినులో ఆ ధాతువే. 'ఎయిమ్' అనునది అంచనా వేయుట యను అర్థము నుండి వచ్చినది. ఇంటెన్షన్ మనస్సులో నుండును. ఆబ్జెక్ట్ వెలుపల నుండును. పర్పస్ ఈ రెంటిని కలుపు త్రాడు వంటిది. అందుచేతనే అది ప్రాణిలేని వస్తువులకు గూడ చెల్లును. గొళ్ళెమునకు పర్పస్ ఉన్నదనవచ్చును గాని, ఇంటెన్షన్ ఉన్నదనరాదు.

ఇవి పండితుల ముచ్చటలు మాత్రమే కావు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 34వ విభాగములో 'కామన్ ఇంటెన్షన్' అనియు, 149వ విభాగములో 'కామన్ ఆబ్జెక్ట్' అనియు వాడినారు. మొదటిదానికి నేరము చేసినవారి మనస్సులు ముందుగా కలిసియుండవలెను. రెండవదానికి అట్టి ముందు ఒప్పందము అక్కరలేదు. ఐదుగురు లేక అంతకు మించినవారు కూడిన చట్టవిరుద్ధ సమావేశములో సభ్యుడై, ఆ గుంపు లక్ష్యములో పాలుపంచుకొనిన చాలును. 2024 జూలై 1వ తేదీ నుండి ఆ స్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినను ఈ భేదము నిలిచియే యున్నది. తెలుగులో రెంటిని 'ఉద్దేశము' అని వ్రాసి ఊరకున్నచో ఒక మనుష్యుని విముక్తికిని శిక్షకును నడుమనున్న గీత చెరిగిపోవును.

ఇక తెలుగు సంగతి. గడపలోనికి వచ్చినవానిని 'ఏమి పని మీద వచ్చినారు?' అని అడుగుదురు. ఇచ్చట పని యనగా శ్రమ కాదు, వచ్చినవాని ఉద్దేశము. ఆ పని నుండియే 'పనికివచ్చు', 'పనికిమాలిన' అను మాటలు పుట్టినవి. ఇవి ఉద్దేశమును గాక ఉపయోగమును చెప్పును. 'పనిగట్టుకొని వచ్చి తిట్టిపోయినాడు' అన్నప్పుడు ఇంగ్లీషువారి 'ఆన్ పర్పస్' అచ్చముగా దొరకును. కృతనిశ్చయమును చెప్పవలసినచోట 'పూనిక' యున్నది. పైకి చెప్పునది ఒకటి, లోన దాచినది ఒకటి యైనప్పుడు పైకి చెప్పుదానిని 'నెపము' అన్నారు. 'ఎందుకు' అను ప్రశ్న కారణమును అడుగును, ఉద్దేశమును అడుగును. 'వాన ఎందుకు కురియును?' అనునది ఒకటి, 'దీపమెందుకు వెలిగించినావు?' అనునది మరియొకటి. ఏది ఏదియో సందర్భమే చెప్పును.

సంస్కృతము నుండి వచ్చిన రెండు మాటలు ముఖ్యములు. 'ఉద్దేశము' అనగా వ్రేలెత్తి చూపుట. 'ఉద్దేశ్యము' అనగా అట్లు చూపబడినది. వ్యాకరణములో విధేయమునకు జతయైన ఉద్దేశ్యము ఇదియే. నేటి వ్రాతలో ఈ రెంటిని కలగలుపుచున్నారు. 'నా ఉద్దేశ్యములో' అని వ్రాయుచున్నారు. అచ్చట ఉద్దేశమనుటయే యుక్తము. 'ప్రయోజనము' అనుదానిలో నున్నది యుజ్ ధాతువు. కాడికి పూన్చుట దాని భావము. ఆశ్చర్యమేమనగా, తెలుగు 'పూనిక' లోను ఎడ్లను బండికి పూన్చు ఆ చిత్రమే కనబడుచున్నది.

ప్రయోజన విచారము ఈ దేశములో ప్రాచీనమైనది. గౌతముని న్యాయదర్శనము చెప్పిన పదునారు పదార్థములలో ప్రయోజనము నాలుగవది. ఏ యర్థమును మనస్సున నుంచుకొని మనుష్యుడు పనికి దిగునో అదియే ప్రయోజనమని అచ్చటి నిర్వచన సారము. ఇది ఇంగ్లీషు 'పర్పస్'నకు మిక్కిలి చేరువ. మమ్మటుడు కావ్యప్రకాశములో కావ్యమునకు ఆరు ప్రయోజనములు చెప్పినాడు: కీర్తి, ధనము, లోకవ్యవహార జ్ఞానము, అశుభ నివారణము, తత్క్షణ పరమానందము, ప్రియురాలి పలుకువంటి మృదువైన ఉపదేశము. ఇవి లక్ష్యములు మాత్రమే గాక, కవికిని చదువరికిని దక్కు ఫలములు. ఏదో ఒక ప్రయోజనమును ఉద్దేశింపక మందబుద్ధి సైతము పనికి పూనుకొనడని శాస్త్రకారులలో ప్రసిద్ధమైన మాట యున్నది. అందులో ఈ రెండు పదములును తమ తమ చోట్ల చక్కగా కూర్చున్నవి. ఉద్దేశించుట మనస్సు చేయు పని. ప్రయోజనము ఆ పని వలన దక్కవలసినది.

తెలుగు వాడుక ఇంకొక అడుగు ముందుకు వేసినది. 'ఇంత చదివి ఏమి ప్రయోజనము?' అని తండ్రి అడిగినప్పుడు కుమారుని ఉద్దేశమును అడుగుటలేదు, ఫలమును అడుగుచున్నాడు. 'పిల్లవాడు ప్రయోజకుడైనాడు' అన్నప్పుడు వాని సంకల్పములను గాక, వాని వలన నలుగురికి కలుగు ఉపయోగమును మెచ్చుకొనుచున్నారు. ఈ విధముగా తెలుగువారి చెవికి ప్రయోజనమనగా మేలు, లాభము, ఫలము. క్లుప్తముగా చెప్పినచో, ఉద్దేశము చేయువానిది, ప్రయోజనము పొందువానిది. ఇంగ్లీషు 'పర్పస్' మొదటిదాని వైపు మొగ్గును; తెలుగు 'ప్రయోజనము' రెండవదాని వైపు మొగ్గును.

ఇంగ్లీషులోను ఫలార్థము పూర్తిగా లేకపోలేదు. 'టు నో పర్పస్' అనగా వృథాగా, ఫలము లేక. 'సర్వ్ ద పర్పస్' అనగా పనికి సరిపోవుట. విద్యార్థులకు ఉపకరించు మరికొన్ని ప్రయోగములను గూడ ఇచ్చట చెప్పుకొనవచ్చును. 'పర్పస్లీ' అనగా కావలెనని, బుద్ధిపూర్వకముగా. 'పర్పస్‌ఫుల్లీ' అనగా పట్టుదలతో, లక్ష్యమెరిగి. అద్దమును పర్పస్లీ పగులగొట్టవచ్చును. పరీక్షకు పర్పస్‌ఫుల్లీ చదువవచ్చును. ఈ రెంటిని తారుమారు చేయరాదు. 'ఎట్ క్రాస్ పర్పసెస్' అనగా ఒకరు చెప్పునది ఒకటి, రెండవవారు తలచునది మరియొకటి యగుట; అన్న పెండ్లి సంబంధమును గూర్చియు, తమ్ముడు పొలము బేరమును గూర్చియు ఒకే సంభాషణలో మాటలాడుకొన్నట్లు. 'టు ఆల్ ఇంటెంట్స్ అండ్ పర్పసెస్' అనునది 16వ శతాబ్దపు ఇంగ్లండు శాసనభాష నుండి జనుల నోటికెక్కినది. 'ఏ విధముగా చూచినను' అని దాని భావము.

కార్యాలయపు వ్రాతలో ఈ మాటను తగ్గించుటయే పెద్ద ఉపకారము. 'ఫర్ ద పర్పస్ ఆఫ్ ఎగ్జామినింగ్' అనుదానిని 'పరిశీలించు ప్రయోజనము నిమిత్తమై' అని తెలిగించినచో వాక్యమునకు మూడు కట్లు పడును. 'పరిశీలించుటకు' అన్న చాలును. తెలుగు 'కు' ప్రత్యయము ఒంటరిగానే ఆ బరువు మోయగలదు. ఐతే చట్టములలో 'ఈ చట్టపు పర్పసులకు' అన్నచోట మాత్రము దానిని తీసివేయరాదు. అచ్చట ఆ మాట పొలము గట్టు వంటిది. ఈ నిర్వచనము ఈ చట్టము వరకే చెల్లునని అది హద్దు గీయును. ఒకే మనుష్యుడు ఒక నియమావళి మేరకు ఉద్యోగి కుటుంబములో చేరి, మరియొక దాని మేరకు చేరకపోవుట ఉద్యోగులందరును ఎరిగిన సంగతియే.

రాజ్యాంగము 343వ అధికరణము కేంద్రమునకు సంబంధించిన 'అఫీషియల్ పర్పసుల'కు ఏ భాష వాడవలెనో చెప్పుచున్నది. 345వ అధికరణము రాష్ట్రములకు ఆ యధికారమునిచ్చినది. దానిని అనుసరించి ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టము 1966లో వచ్చినది. ఇచ్చట 'పర్పస్' అనగా ప్రభుత్వ కార్యము. మనుష్యుడు ఇంట మాటలాడు భాషతో గాని, గుడిలో పాడు భాషతో గాని దానికి నిమిత్తము లేదు. హద్దు గీయుటయే ఇచ్చటను దాని పని.

హద్దు గీయు ఈ గుణము ధనము విషయములో మరింత స్పష్టము. భారత సంచిత నిధి నుండి పైకము చట్టము ననుసరించియు, రాజ్యాంగములో చెప్పిన పర్పసులకును విధానమునను తప్ప వినియోగింపరాదని 266వ అధికరణము శాసించుచున్నది. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ విధులను గూర్చిన 1971 నాటి చట్టము 13వ విభాగము ప్రకారము, ఖర్చయిన సొమ్ము ఏ పర్పసునకు చట్టబద్ధముగా లభించినదో దానికే వినియోగమైనదా యని ఆడిటరు చూడవలెను. పాఠశాల కప్పునకు మంజూరైన సొమ్ముతో రోడ్డు వేసినచో, రోడ్డు ఎంత బాగున్నను ఆక్షేపణ తప్పదు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టము కూడ మనుష్యుని వివరములను అతడు సమ్మతించిన నిర్దిష్ట పర్పసునకే కట్టుబెట్టుచున్నది. సొమ్మైనను, సమాచారమైనను, ఇచ్చినవాడు ఒక మాటమీద ఇచ్చినాడు. ఆ మాటయే పర్పస్.

ఇచ్చినవాడు ఇష్టపడి ఇయ్యనప్పుడు, తీసికొనువాడే తీసికొనినప్పుడు ఏమగును? భూసేకరణలో నున్న ప్రశ్న ఇదియే. 1894 నాటి భూసేకరణ చట్టము 'పబ్లిక్ పర్పస్' అను రెండు మాటల మీద నిలిచినది. భూమి పబ్లిక్ పర్పసునకు కావలసియున్నదని ప్రభుత్వము 6వ విభాగము క్రింద ప్రకటించినచో, ఆ ప్రకటనయే దానికి తిరుగులేని సాక్ష్యమని ఆ చట్టము చెప్పినది. ఆ పదబంధమునకు సంపూర్ణ నిర్వచనము మాత్రము అందులో లేదు. ఇవి యివి కూడ అందులో చేరునని మాత్రమే యున్నది.

1962లో సోమావంతి కేసు సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది. నాటి పంజాబు ప్రభుత్వము శీతలీకరణ యంత్రముల భాగములు తయారుచేయు ఒక ప్రైవేటు కర్మాగారము కొరకు భూమిని సేకరింపనెంచి, ప్రజాధనము నుండి తన వంతుగా నిర్ణయించినది 100 రూపాయలు. అధికారమును నెపముగా వాడిన సందర్భములలో తప్ప ప్రభుత్వ ప్రకటనయే తుదిమాట యని అధిక సంఖ్యాక న్యాయమూర్తులు తీర్పు చెప్పినారు. వేరుపడి భిన్నాభిప్రాయము వ్రాసినవారు జస్టిస్ కోకా సుబ్బారావు. లక్షల విలువ చేయు భూమికి నూరు రూపాయలు ఖజానా నుండి ఇచ్చి, అది ప్రజాధనముతో జరుగు కార్యమనుట కేవలము మాటవరసకేనని ఆయన వాదము. రాజమహేంద్రవరమున పుట్టి, 1954లో ఆంధ్ర హైకోర్టు మొదటి ప్రధాన న్యాయమూర్తియై, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తియైన ఆ తెలుగువాడు అడిగినది ఒకటే: చెప్పిన ఉద్దేశము చాలునా, దానికి తగిన వస్తువు కూడ ఉండవలెనా?

ఇచ్చట భాష తెచ్చిన ఒక విచిత్రమున్నది. 'పబ్లిక్ పర్పస్' అనుదానిని తెలుగు నోటీసులలో 'ప్రజా ప్రయోజనము' అన్నారు. ఇంగ్లీషు మాట మేరకు ప్రభుత్వము తన ఉద్దేశమును ప్రకటించిన చాలును. కాని ఆ నోటీసును రచ్చబండ వద్ద చదివించుకొన్న రైతునకు వినబడినది వేరు. ప్రజలకు మేలు కలుగునని అతనికి వినబడినది. తానును ప్రజలలో ఒకడనే గదా యని అతడనుకొనును. ఇంగ్లీషు చట్టము చేయని వాగ్దానమును తెలుగు నోటీసు చేసినది! అనువాదకుడు తప్పు చేసినాడని దీని భావము కాదు. అతడు వాడినది నిఘంటువుకు సమ్మతమైన మాటయే. ఆ మాటకు తెలుగువారి చెవిలో నున్న బరువే వేరు.

'మల్టీ పర్పస్' అనుదానికి వచ్చిన 'బహుళార్థసాధక' మను మాటలోను ఇట్టి గూఢమున్నది. అమెరికాలోని టెనెసీ లోయ సంస్థను ఆదర్శముగా గొని 1948లో దామోదర్ లోయ కార్పొరేషను ఏర్పడినది. 1943లో దామోదర్ నదికి వచ్చిన వరద దానికి ప్రేరణ. వరద నివారణ, సాగునీరు, విద్యుత్తు అనునవి దాని ముఖ్యార్థములు. తిలైయా 1953లోను, కోనార్ 1955లోను, మైథాన్ 1957లోను, పంచేత్ 1959లోను వెలసినవి. ఐతే వరదను ఆపవలెనన్న జలాశయము ఖాళీగా నుండవలెను. పంటకును కరెంటుకును నీరు కావలెనన్న అది నిండియుండవలెను. ఒక అర్థమును సాధించుట మరియొక దానిని కొంత వదలుకొనుటయే. 'బహుళార్థసాధక' మన్నచో అన్నియును ఒక్కమారు చేకూరునని వినువారికి తోచును. గేటు వద్ద నిలిచిన ఇంజనీరునకు మాత్రము ఏ యర్థము ముందో, ఏది వెనుకయో ప్రతి వానకాలమును తేల్చుకొనవలసి యుండును.

తెలుగునేల మీద 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసినారు. కృష్ణకు ఇరువైపుల బీడు భూములకు నీరు వచ్చినది, కరెంటు వచ్చినది. ఆ ప్రయోజనము కండ్లకు కనబడుచున్నది. నాగార్జునకొండ లోయలోని బౌద్ధ శిథిలములను కొన్నింటిని త్రవ్వితీసి కొండమీదికి తరలించి మరల నిలిపినారు. ఆ లోయలో కాపురమున్న జనులును లేచిపోయినారు. శిల్పమును ఎత్తి మరియొకచోట నిలుపవచ్చును. ఊరిని అట్లు నిలుపుట కష్టము. ఉద్దేశము మంచిదే, ప్రయోజనమును గొప్పదే. కాని ఆ ప్రయోజనము పొందినవారును, దానికై ఊరు విడిచినవారును ఒకరు కారు. 'పర్పస్' అను ఒక్కమాట ఈ భేదమును చూపజాలదు. 'ఎవరి ఉద్దేశము? ఎవరి ప్రయోజనము?' అని విడదీసి అడిగినప్పుడే అది కనబడును.

2013 నాటి క్రొత్త భూసేకరణ చట్టము ఈ రెండు ప్రశ్నలను విడదీయుటకు యత్నించినది. అది 2014 జనవరి 1వ తేదీన అమలులోనికి వచ్చినది. పబ్లిక్ పర్పస్ ఏవియో అది పట్టికగా చెప్పినది. సేకరణ వలన జనజీవనమునకు కలుగు మేలుకీడులను ముందుగా అంచనా వేయవలెనన్నది. ప్రైవేటు కంపెనీల కొరకైనచో బాధిత కుటుంబములలో నూటికి 80 మంది, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైనచో అట్టి కుటుంబములలోనే నూటికి 70 మంది ఒప్పుకొనవలెనన్నది. తీసికొన్న పర్పసును మార్చరాదని 99వ విభాగములో నియమించి, కొన్ని మినహాయింపులు చెప్పినది. ఐదేండ్లు వాడని భూమి మొదటి యజమానికి గాని, ప్రభుత్వ భూనిధికి గాని చేరవలెనని 101వ విభాగములో నున్నది. తరువాత తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సహా కొన్ని రాష్ట్రములు సవరణలు చేసికొని, కొన్ని తరగతుల ప్రాజెక్టులకు ఈ అంచనా నుండి మినహాయింపునకు వీలు కల్పించుకొన్నవి. వాదము ముగియలేదు. ఐనను 1894లో చేయువాని మాట తుదిమాట కాగా, 2013లో పొందువానిని, పోగొట్టుకొనువానిని గూడ అడుగవలెనను నియమము పుట్టినది. ఇంగ్లీషు చట్టము కొంత ఆలస్యముగా తెలుగు మాట దగ్గరకు నడిచినదనవచ్చును.

కావున 'పర్పస్' అను మాటను తెలుగు చేయవలసి వచ్చినప్పుడు కలము ఒక్క నిముషము ఆగవలెను. చేయువాడు ముందు పెట్టుకొన్నది చెప్పవలసినచో 'ఉద్దేశము' అనవలెను. దక్కు ఫలమును చెప్పవలసినచో 'ప్రయోజనము' అనవలెను. వట్టి సంబంధమే చెప్పవలసినచో 'కొరకు' చాలును. హద్దు గీయవలసినచో ఆ హద్దు స్పష్టముగా తెలియునట్లు వ్రాయవలెను. 'ప్రజా ప్రయోజనము' అను మాటను మార్చవలసిన పనిలేదు; అది మంచి మాట. దానిక్రింద సంతకము చేయువారు మాత్రము తమ ఉద్దేశమును గాక, ఆ కాగితమును చదివించుకొని వినువాని ప్రయోజనమును తలచుకొని సంతకము చేయవలెను. ఈ సభలోని యువకులు పలువురు రేపు అట్టి కాగితములు వ్రాయవలసినవారే. ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో సంతకము చేయు ఈ కాలమున, తెలుగు మాట బరువు తెలిసినవాడు ఒక్కడున్నను ఆ కార్యాలయమునకు అది మేలే.